దేవుడి ముందు చెప్పుకోగల నడవడి: విశ్వాసం పునాదిగా సొంత నియమావళిని రాసుకునే విధానం

కొన్నేళ్ళ కిందట ఒక కార్తీక సోమవారం నాడు తెల్లవారకముందే కోటిపల్లి రేవులో గౌతమీ స్నానం చేసి, సోమేశ్వరస్వామిని దర్శించుకుని, ఉపవాసంతో ఇంటికి వచ్చాను. మాది కొబ్బరి వ్యాపారం. మధ్యాహ్నం రాశి దగ్గర కాయల లెక్క చూస్తుండగా, మా తోటల్లో కాయ దింపే అతను వచ్చి రెండు వారాల కూలి బాకీ అడిగాడు. డబ్బు నా జేబులోనే ఉంది. మర్నాడు సరుకు కొనవలసి ఉండడంతో "రేపు రా" అన్నాను. అతను మారు మాట్లాడలేదు. భుజం మీది మోకును ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చుకుని, కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చుక్కను చూసి ఉపవాసం విడిచేటప్పుడు మొదటి ముద్ద దగ్గరే అతను గుర్తుకు వచ్చాడు.

ఏ వేళకు స్నానం చేయాలో, పౌర్ణమి నాడు ఎన్ని వత్తులు వెలిగించాలో, చుక్క కనబడేదాకా ఏమి తినకూడదో నాకు అక్షరం పొల్లు పోకుండా తెలుసు. పని చేసిన మనిషికి కూలి ఎప్పటిలోగా ఇవ్వాలన్న నియమం మాత్రం నాకు ఒక్కటీ లేదు. అది నా దయ, నా వీలు. పూజకు ఉన్నంత స్పష్టమైన నియమం వ్యవహారానికి లేకపోవడమే నా లోపమని అప్పుడు తెలిసింది. ఆ లోటును ఎలా పూడ్చుకోవచ్చో, అందుకు ఏయే పనులు ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను హిందువునైనా, ఇరుగుపొరుగున, వ్యాపారంలో, స్నేహంలో క్రైస్తవులతోను, ముస్లింలతోను కలిసి బతుకుతున్నవాణ్ణి కనుక, వారి గ్రంథాల నుండి నేర్చుకున్న సంగతులను కూడా చేర్చాను.

మొదటి మెట్టు: గ్రంథం తెరవకముందు పదిహేను రోజులు గమనించడం

చాలామంది నేరుగా గీతనో, బైబిలునో, ఖురానునో తెరిచి మంచి మాటలు ఏరి రాసుకుంటారు. అలా రాసుకున్న జాబితా గోడ మీద బాగుంటుంది గాని, సంతలో గుర్తుకు రాదు. కాబట్టి ముందుగా ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, పదిహేను రోజుల పాటు ప్రతి రాత్రి ఒకే ఒక్క విషయం రాయండి: ఈ రోజు ఇతరుల వాటా నా చేతుల మీదుగా ఎక్కడ వెళ్ళింది?

వాటా అన్న మాటను కావాలనే వాడుతున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన నాటి నుండి ఈ డెల్టాలో బతుకంతా వాటాల మీదే నడుస్తోంది. దాళ్వాలో, అంటే రెండో వరి పంటలో, వంతులవారీగా వచ్చే నీటిలో శివారు రైతు వాటా ఉంటుంది. కౌలుకు ఇచ్చిన చేనులో భూమి యజమాని వాటా, కౌలు రైతు వాటా వేరువేరుగా ఉంటాయి. చీటీ పాటలో పాడినవారికి, పాడనివారికి చెరొక వాటా ఉంటుంది. తల్లిదండ్రుల ఆస్తిలో ఆడపిల్లల వాటా ఉంటుంది. డబ్బుకు, నీటికి ఉన్నట్లే పరువుకు కూడా వాటా ఉంటుంది. ఒకరి గురించి మనం అన్న మాట వారి పరువులోంచి కొంత తీసుకుంటుంది, లేదా కలుపుతుంది. ఫోనులో వచ్చిన సందేశాన్ని నిజమో కాదో చూడకుండా పది మందికి పంపినప్పుడు జరిగేది కూడా ఇదే.

ఈ పదిహేను రోజులూ మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, మెచ్చుకోవద్దు. జరిగినదాన్ని మాత్రం రాయండి. చివరలో పుస్తకాన్ని తిరగేస్తే ఒకే చోటు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. కొందరికి అది తూకం, కొందరికి కోపం, కొందరికి అప్పు, కొందరికి ఇంట్లో ఆడవారితో మాట్లాడే తీరు. నాకు కనిపించినవి మూడు: కూలి ఆలస్యం, సరుకు నాణ్యత గురించి సగం నిజం చెప్పడం, చిన్నవాళ్ళ మీద గొంతు పెంచడం. నియమావళి ఆ చోట్ల నుండే మొదలు కావాలి.

రెండవ మెట్టు: ప్రతి చోటుకూ వేరు (గ్రంథంలోని మూలం) వెతకడం

ఇప్పుడు గ్రంథం తెరవాలి. మీకు దొరికిన ఒక్కొక్క బలహీన స్థానానికి మీ సంప్రదాయం సూటిగా ఏమి చెప్పిందో వెతకండి. వెతికితే, మన పెద్దలు ఎంత లౌకికమైన విషయాలను పట్టించుకున్నారో చూసి ఆశ్చర్యపోతాం.

కూలి సంగతే తీసుకుందాం. కూలివాడు బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు కనుక సూర్యుడు అస్తమించకముందే అతనికి ఇచ్చివేయాలని బైబిలులోని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త వచనాన్ని మా ఊరి ముస్లిం మిత్రులు తరచు చెబుతారు. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రంలోనే "మా గృధః కస్యస్విద్ధనమ్" అని, ఎవరి ధనాన్నీ ఆశించవద్దని ఉంది. ఆ మంత్రాన్ని చిన్నప్పటి నుండి వల్లె వేస్తున్న నాకు, ఇవ్వవలసిన కూలిని జేబులో ఉంచుకోవడం కూడా పరధనాన్ని ఆశించడమేనన్న సంగతి ఆ దింపు కార్మికుడు వెళ్ళిపోయాక గాని తట్టలేదు.

అప్పుల విషయంలో ఖురాను రెండవ సూరా (అధ్యాయం) 282వ వాక్యం చదవండి. ఖురాను మొత్తంలో అతి పొడవైన వాక్యం అదే. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని వివరంగా చెబుతుంది. "మనలో మనకు కాగితం ఎందుకు బావా" అనుకుని తర్వాత ముఖాలు చూసుకోని కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. రాసుకోవడం అపనమ్మకం కాదని, అది ధర్మంలో భాగమని ఆ వాక్యం నుండి నేను నేర్చుకున్నాను. తూకం గురించి 83వ సూరా మొదలవడమే కొలతల్లో తగ్గించేవారిని హెచ్చరిస్తూ మొదలవుతుంది. సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని చెబుతుంది. నీటి వంతు గురించి కూడా ఉంది: సాలిహ్ ప్రవక్త కథలో, జనానికీ, దేవుడు వారికి పరీక్షగా పంపిన ఒంటెకూ నీటిని పంచాలని, ఎవరి వంతుకు వారే రావాలని 54వ సూరా చెబుతుంది. వంతు కానప్పుడు రాత్రివేళ తూము ఎత్తేవారు ఆ కథను ఒకసారి చదవడం మంచిది.

మాట విషయంలో నాకు వేరు రాజమహేంద్రవరంలోనే దొరికింది. నన్నయ్య మహాభారతంలో శకుంతల దుష్యంతుడితో అంటుంది: నూరు నూతుల కంటే ఒక దిగుడు బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, అటువంటి నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం మేలు. తనను ఎరగనని సభలో బొంకిన భర్తతో, బిడ్డను పక్కన పెట్టుకుని ఒక ఆడది అన్న మాట అది. ఆ సందర్భంతో కలిపి చదివితే ఆ పద్యం బరువు వేరుగా ఉంటుంది. అందుకే వేరును ఎప్పుడూ సందర్భంతో సహా చదవాలి. ఒక్క వాక్యాన్ని తుంచి తెచ్చుకుంటే అది మనకు అనుకూలంగానే వంగుతుంది.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉంది, దానిని దాటవేయకూడదు. విశ్వాసం పేరుతో మనకు అందినవన్నీ విశ్వాసం కావు. కులం చూసి వేరే గ్లాసులో నీళ్ళు ఇవ్వడం, కట్నం లెక్క పెళ్ళిపీటల దాకా తేవడం, భర్త పోయిన ఆడదాన్ని శుభకార్యానికి దూరం పెట్టడం వంటివి మతం నీడలోనే బతికాయి, కొన్ని ఇంకా బతుకుతున్నాయి. వీటిని వేరు చేయడానికి అధికారం ఎవరిచ్చారని అడిగేవారికి తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి సమాధానం చెబుతుంది. చదువు ముగించి వెళ్ళిపోతున్న శిష్యుడితో గురువు "యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి" అంటాడు. మా మంచి నడవడినే అనుసరించు, తక్కినవి వద్దు అని తన గురించి తానే చెప్పుకున్న గురువు అతడు. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి ముందు, శాస్త్ర ప్రమాణాలు చూపుతూనే ఊరితో వాదించారు. సంప్రదాయం లోపల నిలబడి సంప్రదాయాన్ని ప్రశ్నించవచ్చనడానికి మన ప్రాంతంలోనే అంతటి ఉదాహరణ ఉంది.

ఒక ఆచారం గురించి సందేహం వస్తే నేను వేసుకునే ప్రశ్న ఇది: దీని వల్ల నష్టపోయే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, నేను దీనిని నా దేవుడి పేరు మీద చదివి వినిపించగలనా?

మూడవ మెట్టు: నియమాన్ని వాక్యంగా రాయడం

అన్నిటి కంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. "నేను నిజాయితీగా ఉంటాను" అనేది మంచి కోరికే గాని నియమం కాదు. అది ఎప్పుడు తప్పిందో చెప్పలేం. ఎవరికి, ఏమిటి, ఎప్పటిలోగా అన్నవి ఉంటేనే అది నియమం అవుతుంది. నా మొదటి నియమాన్ని నాలుగు సార్లు కొట్టివేసి రాశాను. చివరకు ఇలా నిలిచింది: "కాయ దింపినా, వలిచినా, బండికి ఎత్తినా, ఆ పని జరిగిన నాడే ఇంట్లో దీపం పెట్టే వేళకు ముందు కూలి చేతిలో పెడతాను. చిల్లర లేదన్న మాట చెప్పను." రెండో వాక్యం చిన్నదే అయినా అవసరం. నేను తప్పించుకునే దారి నాకే బాగా తెలుసు కనుక, ఆ దారికి కంప వేశాను.

వృత్తిని బట్టి నియమం మారుతుంది. ధాన్యం కొనే వ్యక్తి "తేమ 17 శాతం దాటిందో లేదో రైతు కళ్ళ ముందే మీటరు పెట్టి చూపిస్తాను; 75 కిలోల బస్తాకు చెప్పిన తరుగు కంటే కాటా దగ్గర ఒక్క కిలో కూడా అదనంగా తీయను" అని రాసుకోవచ్చు. రొయ్యల చెరువు ఉన్నవారు "నా చెరువు ఉప్పునీటిని పక్క వరి చేలకు పారే బోదెలోకి వదలను" అని రాసుకోవచ్చు. ఉపాధ్యాయుడు, నర్సు, పంచాయతీ కార్యాలయంలో పనిచేసేవారు, ఇల్లు నడిపే ఇల్లాలు, ఎవరి చేతి మీదుగా ఏ వాటా వెళ్తుందో దానిని బట్టి రాసుకోవాలి.

పాత వచనాన్ని ఈ కాలపు రూపంలోకి మార్చుకోవడం కూడా ఈ మెట్టులోనే జరగాలి. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయవద్దని, రాలిన పరిగెను బీదలకు, పరదేశులకు వదిలేయమని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. మన చేలల్లో కూడా పరిగె ఏరుకునే ఆడవాళ్ళు ఉండేవారు. కోత యంత్రాలు వచ్చాక ఆ పరిగె ఏరుకునే పని తగ్గిపోయింది. అంత మాత్రాన ఆ ఆజ్ఞ చెల్లిపోయిందని అనుకోనక్కరలేదు. మాకు తెలిసిన ఒక క్రైస్తవ రైతు ఎకరానికి ఒక బస్తా చొప్పున పక్కన పెట్టి, అడిగించుకోకుండా ఇస్తాడు. దానిని దానం అనడు, పరిగె అంటాడు. ఆ మాటలోనే అది వారి హక్కు అన్న భావం ఉంది.

మాటకు సంబంధించిన నియమానికి గీత పదిహేడవ అధ్యాయంలోని 15వ శ్లోకం మంచి కొలబద్ద. ఎదుటివారిని కలవరపెట్టకుండా, సత్యంగా, ప్రియంగా, హితంగా ఉండే మాటను అది తపస్సు అంటుంది. నేను దీని నుండి రాసుకున్నది: "చిన్నవాళ్ళ తప్పును నలుగురిలో చెప్పను, చెప్పవలసి వస్తే కూర్చోబెట్టి చెబుతాను."

నియమాలు ఏడు దాటకూడదు. ఒక్కొక్క నియమం పక్కన దాని వేరును రాయండి, ఎదురుగా దానికి చెల్లించవలసిన మూల్యాన్ని కూడా రాయండి. కూలి ఆ రోజే ఇవ్వాలంటే నా చేతిలో ఎప్పుడూ కొంత రొక్కం ఆగి ఉండాలి, అంటే అంత సరుకు తక్కువ కొనాలి. మూల్యం ఏమీ కనిపించకపోతే, అది మీకు ముందే అలవాటైన పని అయి ఉంటుంది. దానికి నియమం అక్కరలేదు.

నాలుగవ మెట్టు: రెండు నియమాలు ఢీకొన్నప్పుడు

లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన వారందరికీ వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి (1841–1909) గురించి మా ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఆగిన చోట, ఆకలితో ఉన్న పెళ్ళివారు కొందరు "ఇంకాస్త దూరం వెళ్తే సీతమ్మ గారి ఇల్లు వస్తుంది, అక్కడ భోజనం చేద్దాం" అని పిల్లలను ఊరడించుకోవడం విన్నారట. వెంటనే ప్రయాణం మానుకుని, వారి కంటే ముందుగా ఇంటికి చేరి వంట మొదలుపెట్టారట. యాత్ర ఒక నియమం, అన్నం ఒక నియమం. తన నియమాల్లో ఏది ముందో ఆమెకు ఎప్పుడో తేలిపోయి ఉండడం వల్ల అక్కడ తర్జనభర్జన అవసరం కాలేదు. మీ ఏడు నియమాలలో కూడా ఏది ముందో, ఏది వెనకో చిక్కు రాకముందే తేల్చుకోండి.

అలా తేల్చినా మిగిలిపోయే చిక్కులు ఉంటాయి. పెళ్ళి సంబంధం గురించి వాకబు చేయడానికి వచ్చిన పెద్దాయన మన బంధువుల అబ్బాయి తాగుతాడా అని అడుగుతాడు. నిజం చెబితే చుట్టరికం చెడుతుంది, చెప్పకపోతే ఒక ఆడపిల్ల బతుకు. ఇటువంటి చోట రెండు పనులు చేయాలి. మొదటిది, ఈ వ్యవహారంలో నష్టపోబోయే వారిలో ఇక్కడ లేనివారు, నోరు లేనివారు ఎవరో చూడడం. ఇక్కడ అది ఆ అమ్మాయి. రెండవది, సలహా అడగడం. నడవడి గురించి సందేహం వస్తే ఎవరిని చూసి నడుచుకోవాలో కూడా శిక్షావల్లి చెప్పింది: ఆలోచించగలవారు, ఒకరి ప్రేరణకు లోనుకానివారు, "అలూక్షా ధర్మకామాః", అంటే కఠినులు కానివారు, ధర్మాన్ని కోరేవారు. కఠినులు కాకూడదన్న షరతు నాకు చాలా ఇష్టం. అటువంటి ఇద్దరిని ముందే ఎంచుకుని పెట్టుకోండి. వారిలో ఒకరైనా మీకు బంధువు కాకూడదు, మీకు బాకీ ఉండకూడదు. నేను ఎంచుకున్నవారిలో ఒకరు మా ఊరి పాస్టరు గారు. ఆయన విశ్వాసం వేరు, నా ఇబ్బంది మాత్రం ఆయనకు నా కంటే స్పష్టంగా కనిపిస్తుంది.

చట్టం కాదన్న పనిని మీ నియమావళి అవుననకూడదు. సంక్రాంతి మూడు రోజులకు కోడిపందేల బరికి మీ చేను అద్దెకు అడుగుతారు. పండుగ సంప్రదాయం అంటారు, వచ్చే డబ్బు కూడా పెద్దదే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం దానిని ఒప్పుకోదు. పండుగ దేవుడిదే అయినా, కోడి కాలికి కట్టిన కత్తిని ఆయన పేరు మీద సమర్థించలేం. ఇక్కడ సలహా కూడా అక్కరలేదు.

ఐదవ మెట్టు: ఉన్న ఆరాధనకే ముడివేయడం

కొత్త అలవాటును విడిగా పెట్టుకుంటే నెల తిరగకుండా పోతుంది. సాయంత్రం దీపం పెట్టేవారు ఆ దీపం ముందే, రాత్రి ఇషా నమాజు చేసేవారు ఆ తర్వాత, ఆదివారం ప్రభువు బల్లకు వెళ్ళేవారు ముందు రాత్రి పుస్తకం తెరవండి. రొట్టె తినకముందు మనిషి తనను తాను పరీక్షించుకోవాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది కదా. ఐదు నిమిషాలు చాలు: ఏ నియమం నిలిచింది, ఏది తప్పింది, తప్పిన దానికి రేపు ఎవరి దగ్గరకు వెళ్ళాలి. జకాత్ (ముస్లింలు ఏటా తప్పక ఇచ్చే దానం) ఇచ్చేవారికి సొమ్ములో 2.5 శాతం లెక్క కట్టే రోజు సంవత్సరానికి ఒకసారి ఎలాగూ వస్తుంది. ఎంత ఇవ్వాలన్న లెక్కతో పాటు, ఆ సొమ్ము ఎలా వచ్చిందన్న లెక్కను కూడా ఆ రోజే చూసుకోవచ్చు.

ఆరవ మెట్టు: తప్పినప్పుడు దిద్దుకునే వరుస

తప్పకుండా తప్పుతాం. అప్పుడు ముందు ఏమి చేయాలన్నదే ముఖ్యం. బలిపీఠం దగ్గర అర్పణం ఉంచి ఉండగా, నీ సోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణాన్ని అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని మత్తయి సువార్త ఐదవ అధ్యాయం చెబుతుంది. తోటి మనిషి హక్కును కాజేసినప్పుడు దానిని తిరిగి ఇవ్వకుండా తౌబా (పశ్చాత్తాపం) పూర్తికాదని ముస్లిం పండితులు చెబుతారు. హుండీలో వేసిన డబ్బుతో పక్కవాడి బాకీ తీరదు. ముందు వాటా తిరిగి ఇవ్వాలి, తర్వాత మాట చెప్పాలి, ఆ తర్వాతనే గుడికో చర్చికో మసీదుకో వెళ్ళాలి.

ఆ కార్తీక సోమవారం తర్వాత రెండో రోజు ఉదయం పంటు మీద గోదావరి దాటి లంకకు వెళ్ళి ఆ దింపు కార్మికుడి ఇంటికి చేరాను. అతను పనికి వెళ్ళిపోయాడు. అతని భార్యకు డబ్బు ఇచ్చాను. ఆమె గుమ్మం ముందు కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టి, కొంగుకు కట్టుకుని, "కొట్లో అప్పు కట్టి బియ్యం తేవాలండి, నిన్న ఇవ్వలేదు" అంది. కొట్టువాడు నిన్న ఇవ్వలేదంటే ఆ రాత్రి వాళ్ళు ఏమి తిన్నారో నేను అడగలేకపోయాను. ఆలస్యం అయిందని, నాదే తప్పని మాత్రం చెప్పాను. కారణం చెప్పడానికి నోరు తెరిచి మానుకున్నాను. దిద్దుకునేటప్పుడు కారణం చెప్పకపోవడం కష్టమైన పని. కానీ కారణం చెప్పిన వెంటనే మన్నించవలసిన భారం వారి మీద పడుతుంది.

ఏడవ మెట్టు: ఇంట్లోవారితో, ఊరితో

ఇది మీ నియమావళి, ఇతరులను కొలిచే కాటా కాదు. ఇంట్లో చదివి వినిపించండి, కానీ సంతకాలు పెట్టించవద్దు. మీ నియమం వల్ల ఇంట్లో ఎవరికైనా ఖర్చు పడేటట్లయితే మాత్రం ముందే మాట్లాడుకోవాలి. చేతిలో రొక్కం ఆపి ఉంచుతానన్నప్పుడు నా భార్య మూడు నెలల ఇంటి లెక్క నా ముందు పెట్టింది. దానిని చూశాకనే ఎంత ఆపాలో తేల్చుకున్నాం.

ఎనిమిదవ మెట్టు: ఏటా ఒకసారి సవరణ

ఉగాదికో, రంజాను నెలలోనో, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముందో మొత్తం నియమావళిని తిరిగి చదవండి. ఒక సంవత్సరంలో ఒకటి రెండు నియమాల కంటే ఎక్కువ మార్చవద్దు. ధర పడిపోయిన ఏడాదిలోనో, తుఫాను వచ్చిన ఏడాదిలోనో ఏ నియమాన్నీ సడలించవద్దు. ఇబ్బందిలో ఉన్నప్పుడు మనకు దొరికే న్యాయాలన్నీ మనకు అనుకూలంగానే ఉంటాయి. సడలించక తప్పదనిపిస్తే, ఎంచుకున్న ఆ ఇద్దరినీ అడగండి.

ఈ ఉగాదికి నేను మార్చింది ఒక్కటే. కూలి ఆ రోజే ఇస్తున్నాను గాని, పిల్లల చదువుకో, వైద్యానికో ముందుగా ఇచ్చిన అప్పును ఆ కూలిలో నాకు తోచినంత కోసుకుంటున్నానని రాత్రి లెక్కల్లో తేలింది. కాబట్టి మొదటి నియమం కింద మరొక వాక్యం చేర్చాను: "వారానికి ఎంత కోసుకోవాలో అప్పు తీసుకున్న మనిషే చెబుతాడు; నేను రాసుకుంటాను, అతనికి ఒక ప్రతి ఇస్తాను."